బద్వేలులో నాకెవరూ లేరు

జమ్మలమడుగు బస్టాండులో నా పక్కన కూర్చున్న అమ్మాయి తడిగుడ్డ చుట్టిన పూలదండలు ఒళ్లో పెట్టుకుని, వచ్చే ప్రతి బస్సులోకీ భయంగా చూస్తోంది. నాకు అనుమానం వచ్చింది. ఆమెకు నా మీద అంతకంటే ఎక్కువ వచ్చినట్టుంది.

“మీది యా ఊరు తాతా?”

“డోన్. నీది?”

“బద్వేలు.”

“బద్వేలా! ఆడ బజారంతా మావాళ్లేనమ్మా. ఏ అంగడికి పోయినా నా పేరు చెప్పు, కుర్చీ వేస్తారు.”

ఆమె దండలు పట్టుకుని చటుక్కున లేచింది. “మా నాయన పంపినాడా మిమ్మల్ని?” అంది.

ఇక ఒప్పుకోక తప్పలేదు. “లేదు తల్లీ, గొప్పకు చెప్పినా. బద్వేలును బస్సు కిటికీలోంచి చూసినానంతే. ఆడ నాకు ఒక్కరూ తెలీదు.”

“ఒట్టా?”

“ఒట్టు.”

ఆమె నా ముఖాన్ని చాలాసేపు పరీక్షగా చూసి, అప్పుడు చెప్పింది. ఇంట్లో తెలియకుండా గండికోట బండల మీద ఆమె పెండ్లి. నోటీసు గడువు ముగిసింది, రిజిస్ట్రారు అక్కడికే వస్తున్నాడు, అంతా చట్టప్రకారమే. పెండ్లికొడుకు ముందే వెళ్లాడు. కానీ మూడో సాక్షి భయపడి, ఇప్పుడే ఫోనులో రానన్నాడు. ఆ సంతకం లేకపోతే పెండ్లి జరగదు.

“ఆధార్ కార్డు ఉండాదా తాతా?”

గండికోట బండల మీద, పెన్నా లోయ గాలికి పంచె ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సంతకం పెట్టాను. రిజిస్ట్రారు నన్ను ఎగాదిగా చూసి, “ఈయన నీకేమవుతాడమ్మా?” అన్నాడు.

“ఏమీ కాడు సార్!” అంది ఆ అమ్మాయి.

నా గురించి ఎవరైనా అంత సంతోషంగా చెప్పడం నేనెన్నడూ వినలేదు.