కుంకుమపువ్వు నీళ్లు

నిన్న మనవరాలు పాలల్లో కుంకుమపువ్వు వేసింది. ఆ వాసనకి ఉదయగిరిలో మా అరుగు గుర్తొచ్చింది.

మా నాన్నని అబ్బా అనేవాళ్లం. ఆయన మౌల్వీ. పొద్దున పిల్లలకి ఖురాన్ చెప్పేవాడు, సాయంత్రం ఊళ్లోవాళ్ల తగాదాలు తీర్చేవాడు. మధ్యలో అరుగు మీద కూర్చుని, జబ్బుపడినవాళ్ల నుదురు పట్టి చూసి, పింగాణీ పళ్లెంలో కుంకుమపువ్వు నీళ్లతో దువా, అంటే ప్రార్థన, రాసేవాడు. దాన్ని కడిగి ఆ నీళ్లు తాగించేవాడు. అమ్మ పోయాక నా నుదురు ముట్టుకున్నవాళ్లు లేరు. ఒకరోజు నేనూ వెళ్లి ఆ వరసలో కూర్చున్నాను.

"ఎవురికి బాగలేదుమా?" తలెత్తకుండానే అడిగాడు.

"నాకే అబ్బా. జొరమొచ్చినాది."

అప్పుడు తలెత్తాడు. నా నుదుటి మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. అందరికీ రెండు వరసలు రాసేవాడు, నాకు పళ్లెం అంచుదాకా రాశాడు.

"ఒక్క చుక్క కూడా మిగల్చబాక," అన్నాడు.

తాగేశాను. వెంటనే నా వెనకున్న ముసలాయన్ని పిలిచాడు. లేచి లోపలికి పోతూ, అబ్బాని భలే మోసం చేశాననుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

అమ్మ జ్వరంతో పడున్నన్నాళ్లూ అబ్బా అదే పళ్లెంలో రోజూ రాశాడు. కాలని నుదురు ఎలా ఉంటుందో ఆ చేతికి తెలియదా?