మొదటి బిందె నీళ్లు

బోధన్‌లో మా గల్లీకి నీళ్లు వదిలేది గంగుబాయి. భర్త పోయాక వాల్వు తిప్పే ఇనుపరాడ్డు ఆమె భుజానికెక్కి పన్నెండేళ్లు. మెల్లగా తిప్పే ఓపిక ఆమెకు పుట్టుకతోనే లేదు. ఒక్క ఊపులో తిప్పేసి, "నా నీళ్లు ఉరుకుతయ్!" అంటూ లేని మీసం మెలేస్తుంది. గల్లీలో కిరాణం నాది కనుక ఈ వైభవం రోజు విడిచి రోజు చూస్తుంటాను.

ఆ ధారకు మురిసిపోయేది చివరి ఇంటి అనసూయమ్మ. నల్లా గుర్రుమనేసరికి ఆమె బిందె అక్కడ సిద్ధం. మొదటి బిందె దేవుడికీ, తాగడానికీ. ఆ తర్వాతవే అంట్లకు.

మొన్న ఆషాఢంలో ఆమె మనవరాలు, ఐదేళ్ల అంకిత, నెలలో రెండోసారి వాంతులూ విరేచనాలతో పడి సెలైన్ ఎక్కించుకుని వచ్చింది. అనసూయమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి నడిగల్లీలో గంగుబాయిని ఆపింది.

"నీ నీళ్లే గదా గంగూ? తాగు, సూద్దాం!"

"తాగనా ఏంది? ఇటు తే!"

గటగటా తాగేసింది. మర్నాడంతా గంగుబాయి చెంబుకు తీరిక లేదు.

మూడోనాడు లేచింది, మండిపోతూ. మున్సిపాలిటీ ఆఫీసు నుంచి పరీక్ష సీసాలు తెచ్చింది. వాటిలో నీళ్లు పోసి ఒక రోజు ఉంచితే, క్రిములున్న నీళ్లు నల్లబడతాయి. ట్యాంకు నీళ్లు ఒకదాంట్లో, అనసూయమ్మ మొదటి బిందె నీళ్లు ఇంకోదాంట్లో, అదే నల్లా అరగంట పారాక పట్టినవి మూడోదాంట్లో పోసింది. మర్నాడు నా కొట్టు ముందు గల్లీ అంతా ఎగబడింది. ట్యాంకుది తేట. అరగంట తర్వాతదీ తేట. మొదటి బిందెది కాటుక!

"అరే, తప్పు నా చేతిదే!" గంగుబాయి అరుపు బస్టాండు దాకా వినబడి ఉంటుంది. "చక్కెర ఫ్యాక్టరీ బందయినంక సగం ఇండ్లకు తాళాలాయె. వాడేటోళ్లు లేక కొసకు పైపుల నీళ్లు ఊకెనే పండుకుంటున్నయ్. బ్లీచింగ్ సత్తువ పోయి లోపట పాచి పడుతుంది, పాచిల పురుగు. నేను ఒక్కసారే ఇడిస్తె గదంత ఊడి నీ బిందెల పడుతుంది, అక్కా!"

పన్నెండేళ్ల మీసం ఆ నిమిషంలో దిగిపోయింది. నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఆదివారం గల్లీ కొసన పైపు మూత విప్పించి, వాల్వు పూర్తిగా తిప్పింది. అబ్బ, ఏం ధార! ముందు చాయ్ రంగు, తర్వాత జిగురు తునకలు, అన్నీ మోరీలోకి! పిల్లలు కేకలు, పెద్దలు ఇంకా పెద్ద కేకలు. తేట నీళ్లు వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు.

అప్పటినుంచి వారానికోసారి ఆ ఊపంతా మోరీకే. ఇళ్లకు మాత్రం పావు చుట్టు, ఆగి మరో పావు చుట్టు. పళ్లు కొరుక్కుంటూనే తిప్పుతుంది, పాపం.

మొదటి బిందె నీళ్ల సీసా వరుసగా మూడుసార్లు తేటగా నిలిచిన రోజు గంగుబాయి అనసూయమ్మ నల్లా కింద గ్లాసు పట్టింది. నోటి దాకా తెచ్చిందో లేదో, అనసూయమ్మ లాక్కుంది.

"ఆగు. గా దినం నువ్వు తాగితివి. ఇయ్యాల నేను తాగుత."

చుక్క మిగలకుండా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఇంట్లోకి కేకేసింది.

"అంకితా, నీ గ్లాసు తే బిడ్డా!"