మసి కింద చెయ్యి

కుంచె మొనను పెదవులతో తడిపే అలవాటు వల్ల మాణిక్యం కింది పెదవి ఎప్పుడూ పసుపు పచ్చగానే ఉంటుంది. చాలా ఏళ్లకి ఊళ్లో మళ్లీ అమ్మవారి కథ చెప్పిస్తున్నారని, పొగచూరిన పాత పటం చూస్తూ గుడ్డ మీద కొత్తది రాసింది. అమ్మవారి చేతిలో ఏముందో మసిలో కనబడక తామరమొగ్గ వేసేసింది. కొత్తది పూర్తయ్యాక పాతదాన్ని కొల్లేట్లో కలిపెయ్యడం ఆనవాయితీ. పడవలో కూర్చున్నాక ఆమె చేతులు దాన్ని వదలనంటున్నాయి.

“వదిలెయ్యండక్కా, ఎండెక్కుతోంది,” అన్నాడు కథ చెప్పే గంగరాజు.

“తప్పు రాశానేమోనయ్యా. ఇది పోతే నా తప్పే నిజమైపోద్ది!”

“మీకు తప్ప ఎవరికి తెలుసండీ?”

“అదేగా నా భయం!”

వదిలింది. నీళ్లలో మసి విడిపోయి, అమ్మవారి చేతిలో కత్తి ఒక్క క్షణం కనబడి, రంగుతో సహా కరిగిపోయింది. మాణిక్యం నోరు తెరిచేలోగా గంగరాజు ఒళ్లో ఉన్న కొత్త పటం విప్పి గొంతెత్తాడు: “మొగ్గ పట్టిన మాయమ్మా...”