ముప్పై ఈటెగాళ్ల ముఖాలు

పొద్దున చాయ్‌కి పెట్టిన నీళ్లు మరగగానే, ఆకు వేయకముందే మల్లేశ్ ఒక గ్లాసెడు పక్కకు తీసుకుంటాడు. అందులో వేలెడంత ప్లాస్టిక్ సిపాయిని ముంచి పది లెక్కపెడతాడు. మెత్తబడ్డ బొమ్మ చేతిని పైకి వంచి వెంటనే చన్నీళ్లలో వేస్తే అది అలాగే నిలిచిపోతుంది. ఆ తర్వాతే చాయ్.

తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే చోట అతనికి పని. సొంతూరు దోమ. తండ్రి చెన్నయ్యకు ఇప్పటికీ అరవై గొర్రెలున్నాయి. సిపాయిలు పరిగి బస్టాండు దగ్గర సంచుల్లో అమ్మే ఆకుపచ్చ బొమ్మలు. మల్లేశ్ వాటి తుపాకులు కోసేసి గుండుసూదులతో ఈటెలు పెడతాడు. టోపీల మీద ఎంసీల్ ముద్దతో కొమ్ములు దిద్దుతాడు. సూదిమొనతో ఒక్కొక్కరికీ వేరే ముఖం చెక్కుతాడు. పాత గొంగడి పోగులు భుజాలకు కప్పుతాడు. అప్పుడవి ఏ దేశానికీ చెందని మాయలోకపు సైన్యమవుతాయి.

వికారాబాదులో నవీన్‌కుమార్ అనే అతని ఇంటి మేడమీద కొందరు ఆదివారాలు అలాంటి సైన్యాలతో యుద్ధాలాడతారు. పెద్ద బల్ల, పాచికలు, దూరం కొలిచే టేపు. వాళ్ల బొమ్మలు విదేశాల నుంచి తెప్పించినవి. ఏడాదిపాటు మల్లేశ్ రైల్లో వెళ్లి, గోడకు ఆనుకుని చూసి వచ్చేవాడు. ఆ బల్లకు ఒక వైపు తానూ నిలబడాలని అతని కోరిక. "నీ దండు తెచ్చుకో అన్నా, ఆడుదాం" అని నవీన్ అన్నాక, ఎనిమిది నెలలు కూర్చుని ముప్పైమంది ఈటెగాళ్లను తయారుచేశాడు.

తొలి ఆటలో ఎదుటి పక్షం సింధుజ, బ్యాంకు ఉద్యోగి. మల్లేశ్‌వి పదిమంది చొప్పున మూడు దళాలు. పోరు మధ్యలో మూడూ కలిసిపోయాయి.

"అన్నా, గీడ కొట్టేది ఏ దళం?" అంది సింధుజ.

"రెండోది."

"ఎట్ల తెలుస్తది? అందరు ఒక్క తీరే ఉన్నరు గద."

"ఒక్క తీరా? మొఖాలు జూడు. ముప్పైకి ముప్పై వేరే."

ఆట చూస్తున్న వాళ్లలో ఫైజ్ అనే అతను వంగి చూశాడు. "జొన్నగింజంత గుడ లేదు భాయ్ మొఖం. ఆధార్ కార్డులు తెచ్చినవా వీళ్లయి?"

అందరూ నవ్వారు. మల్లేశ్ ఒక్కొక్కరినీ ఎత్తి ఎవరు ఏ దళమో తడబడకుండా చెప్పాడు.

"నీకు తెలిస్తే సాలదన్నా, నాకు గుడ తెల్వాలె," అంది సింధుజ మెల్లగా. నియమమూ అదే. ఆట ఆగిపోయింది. మల్లేశ్ తన వాళ్లను స్వీట్ల డబ్బాలో సర్దుకుని రైలెక్కాడు.

ఆ వారం ఊరికి పోయేసరికి చెన్నయ్య గొర్రెల వీపుల మీద ఎర్రరంగు గుర్తులు వేస్తున్నాడు. కొడుకు మొహం చూసి సంగతంతా రాబట్టాడు.

"నువ్వు గుడ మొఖం జూసే గుర్తువడ్తవ్ గద నాయినా. మల్ల రంగెందుకు?"

"నాకెందుకురా రంగు? పక్క మందోనికి. వాని గొర్లల్ల నాయి గలిస్తే వాడు మొఖాలు జూసుకుంట కూసుంటడా? దండు గట్టినవ్ గని గింత తెల్వకపాయె!"

తన ఈటెగాళ్ల గొంగళ్ల మీద రంగు పూయాలంటే మల్లేశ్‌కు మనసొప్పలేదు. మూడు రోజులు డబ్బా తెరవలేదు. శనివారం మొదటి దళం వీపుల మీద ఎరుపు, రెండో దానికి నీలం గీశాడు. మూడో దళాన్ని ఉత్తగానే వదిలేశాడు.

మర్నాడు ఆట చివరిదాకా సాగింది. సింధుజే గెలిచింది. మల్లేశ్ ఇప్పటికి తొమ్మిది ఆటలాడాడు, రెండు గెలిచాడు.