వదిన కోసిన సీటు

మా వదిన పొట్టి. ఈ మాట నేనంటే తప్పు లేదు, ఆవిడే పదిమందికీ చెబుతుంది. బస్సులో పై కడ్డీ అందదు. షాపులో పై అరలోని రెక్సిన్ చుట్టలు అందవు. వంటింట్లో అటక మీది డబ్బా కావాలంటే నన్ను కేకేస్తుంది. వయసులో ఉన్నప్పుడు సంబంధం మాట్లాడటానికి వచ్చిన ఒకాయన "అమ్మాయి మరీ పొట్టి" అన్నాడట. "మీరు మరీ సన్నం. నేనేమైనా అన్నానా?" అందట ఈవిడ. ఆ సంబంధం అక్కడితో సరి. తర్వాత వచ్చినవాటిని తనే వద్దంది.

వదిన అంటే మా ఆయనకు అక్క. మాది మోటారు సైకిళ్ళకు సీటు కవర్లు కుట్టే షాపు. మా మామగారు పోయేనాటికి మా ఆయన ఇంకా బడికి వెళ్తున్నాడు. వదిన కుట్టుమెషీను ముందు కూర్చుంది. కూర్చున్నది ఇప్పటికీ లేవలేదు. చిరిగిన సీటు వస్తే పాత పిన్నులు పీకేదీ, కుంగిపోయిన ఫోమ్‌ను రంపం బ్లేడుతో కోసి కొత్త ముక్క అతికేదీ, రెక్సిన్ కత్తిరించి కుట్టేదీ ఆవిడే. నేను ఆ కవరును సీటు మీద లాగి బిగించి అడుగున పిన్నులు కొడతాను. మా ఆయన కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. అది కూడా పనే, కాదనను. కానీ బోర్డు మీద పేరు మాత్రం ఆయనదే. ఊళ్ళో సగం మంది మా వదిన కుట్టిన సీట్ల మీదే తిరుగుతున్నారు. ఆవిడ మాత్రం ఏనాడూ ఏ బండి హ్యాండిలూ పట్టుకోలేదు.

ఒకనాడు పార్సిళ్ళ కంపెనీ మేనేజరు షాపుకి వచ్చాడు. వాళ్ళ గోదాము ఊరికి చాలా దూరం, బస్సు పోదు. అక్కడి బండ్ల సీట్లన్నీ చిరిగిపోయాయట. బండ్లను ఇక్కడికి పంపితే ఆ పూట పార్సిళ్ళు ఆగిపోతాయి కాబట్టి, వారానికోసారి మా మనిషే వచ్చి, ముందే కుట్టి తెచ్చిన కవర్లు అక్కడే బిగించి పోవాలట.

"అంత దూరం ఎవరు తిరుగుతారండీ? నా నడుము నొప్పి సంగతి మీకు తెలీదు" అన్నాడు మా ఆయన.

వదిన పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అలా వేసిందంటే ఏదో గట్టి మాట రాబోతోందని నాకు తెలుసు.

"నేను వెళ్తాను" అంది.

"దేని మీద?"

"బండి మీద. షాపు బండి ఖాళీగానేగా పడుంది."

మా ఆయన నవ్వాడు. మేనేజరు కూడా మర్యాద కోసం నవ్వాడు. "అక్కా, నీకు కాళ్ళు కూడా అందవే! సరే, వచ్చే నెల ఒకటో తారీఖున నువ్వే నడుపుకుంటూ గోదాముకి వెళ్ళి పని చేసుకుని రా. ఆ పని నీది, వచ్చింది నీదే. నేను వేలు పెట్టను. వెళ్ళలేకపోతే మాత్రం బజారు చివర షాపువాడికి ఇచ్చేస్తా. అప్పుడు నన్నేమీ అనకూడదు మరి."

వేళాకోళంగానే అన్నాడు. కానీ మేనేజరు ముందు అన్నాడు కాబట్టి అది మాటయి కూర్చుంది. ఆ సాయంత్రం షట్టరు దించుతూ వదిన నాతో, "ఇన్నేళ్ళుగా కుడుతున్నాను. ఇది నాది అని చెప్పుకోవడానికి ఒక్క పని లేదే అమ్మాయ్. ఇది నాకు కావాలి" అంది. ఆవిడ నోటివెంట 'కావాలి' అన్న మాట నేను అదే మొదటిసారి వినడం.

పక్క షాపు మెకానిక్ క్లచ్ ఏదో, గేరు ఏదో, బ్రేకులు ఎక్కడో చూపించాడు. చివర్లో, "కాళ్ళు రెండూ నేలకు ఆనితే చాలక్కా, భయం పోతుంది. మిగతాది అదే వస్తుంది" అన్నాడు. ఇంకెవరైనా అయితే సరేనని ఊరుకునేవారు. సీట్లు కుట్టే మనిషితోనా ఆ మాట అనేది! మర్నాడు పొద్దున్నే షాపు బండి సీటు విప్పేసింది. ఫోమ్‌ను కోసింది, కూర్చుని చూసింది, మళ్ళీ కోసింది. పాదాలు రెండూ చదునుగా నేలకు ఆనేదాకా చెక్కింది. చివరికి ఆ సీటు అట్టముక్కలా తయారైంది. దాని మీద కూర్చుంటే కింది ప్లాస్టిక్ తగులుతోందని నేనంటే, "నీకు తగిలితే నువ్వు కూర్చోకు" అని నా నోరు మూయించింది.

మా కాలనీ వెనక ఒక బైపాస్ రోడ్డు ఉంది. వేశారు, తారు పోశారు, తెల్లగీతలు కూడా గీశారు. కాలువ మీద వంతెన కట్టడం మాత్రం మర్చిపోయారు. అందుకని ఆ రోడ్డు ఎటూ పోదు. రోడ్డు మొదట్లో సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టారు. బండి ఒకటి దూరేంత సందు ఉంది. ఇద్దరం బండిని నెట్టుకుంటూ పొద్దున్నే అక్కడికి చేరేవాళ్ళం. అంత వెడల్పు రోడ్డు, ఒక్క మనిషి లేడు, ఒక్క హారన్ లేదు. అటూ ఇటూ బీడు, పైన ఆకాశం. నేను దిమ్మె మీద కూర్చునేదాన్ని. ఆవిడ బండెక్కేది.

మొదటి రోజు బండి ఎగిరెగిరి ఆగిపోయింది. రెండో రోజూ అంతే. తర్వాత కదిలింది. కదిలాక ఆవిడ చేసిన పని ఏమిటంటే, కాళ్ళు రెండూ కిందికి వేలాడేసి నేలను తన్నుకుంటూ పోవడం. ఆపాలంటే చెప్పులు రోడ్డుకేసి రాయడం. బ్రేకు అన్నది ఒకటుందని గుర్తుంటేగా! అయినా నేరుగా పోతోంది, పడటం లేదు, తిరిగి వస్తోంది. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. చెప్పుల అడుగులు అరిగి కాగితాల్లా అయ్యాయి, కొత్త జత కొన్నాం. అందులో తప్పు కనిపెట్టేంత తెలివి ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది.

ధైర్యం వచ్చాక ఒకరోజు రోడ్డు చివరిదాకా వెళ్ళింది. అక్కడ, కట్టని వంతెన వైపు, రోడ్డు కాస్త పల్లానికి దిగుతుంది. అడ్డంగా మట్టి పోసి ఉంటుంది. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. కాళ్ళు దించింది. చెప్పులు జరజరా రాసుకున్నాయి. బండి ఆగలేదు. నేను పరుగెత్తి చేరేసరికి బండి మట్టిగుట్టలో ముక్కు గుచ్చుకుని ఉంది, వదిన దాని పక్కన ఉంది. మోకాలు దోక్కుపోయింది, క్లచ్ లివర్ వంగింది.

"వదినా! ఏమైంది?" అన్నాను.

"ఏమవుతుంది, పడ్డాను. కనబడటం లేదూ?" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నేనే ఏడ్చాను.

మా ఆయన మోకాలు చూశాడు, లివర్ చూశాడు. "చాల్లే అక్కా, సరదా తీరింది" అని బండి తాళం తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. చెడ్డవాడు కాదు, అక్కకు దెబ్బ తగిలిందని నిజంగానే బాధపడ్డాడు. కానీ ఆ బాధలోనే ఎక్కడో "నేను చెప్పలా" అన్న సంబరం కూడా ఉంది. నేను భార్యను, నాకు కనబడదా? నాకు ఒళ్ళు మండింది.

వదిన రెండు రోజులు తల ఎత్తకుండా కుట్టింది. అలిగిందనుకున్నాం. అలక కాదు, ఆలోచన. మూడో రోజు మధ్యాహ్నం షాపులో జనం ఉండగానే లేచి, బండి సీటు విప్పి బల్ల మీద పెట్టింది.

"తప్పు కాళ్ళదే అమ్మాయ్" అంది నాతో. "కాళ్ళు అందుతున్నాయి కాబట్టే వాటినే నమ్ముకున్నాను. బండికి బ్రేకు ఉందని నా ఒంటికి ఇంకా తెలీదు. ఎలా తెలుస్తుంది, నేను తెలియనిస్తేగా!"

కోసి పారేసిన ఫోమ్ బదులు కొత్త దిమ్మ తీసింది. జిగురు పూసి అతికింది. పాత ఎత్తుకు సరిపోయాక కూడా ఆగలేదు. ఇంకో పొర వేసింది.

"అక్కా, నీకేమైనా పిచ్చా? ఉన్నదానికన్నా ఎత్తు చేస్తున్నావేంటి?" అన్నాడు మా ఆయన కౌంటర్ దగ్గర్నుంచి.

"నా సీటు, నా ఇష్టం. తాళం ఇవ్వు."

"ఇవ్వను. ఈసారి కాలు విరుగుతుంది."

"విరిగితే విరిగింది. నా కాలు. ఇవ్వు."

"ఇవ్వనని చెప్పానా!"

షాపులో ఉన్న నలుగురూ మమ్మల్నే చూస్తున్నారు. నేను చేతిలోని పిన్నుల గన్ను బల్ల మీద పెట్టాను. దాని చప్పుడుకు మా ఆయన నా వైపు తిరిగాడు. "ఏవండీ, షాపు తాళాలు కూడా మీరే ఉంచుకోండి. ఇవాల్టి నుంచి ఆవిడ కుట్టదు, నేను బిగించను. వీళ్ళందరి సీట్లూ మీ నోటితో కుట్టి ఇవ్వండి" అన్నాను.

పెళ్ళయినప్పటినుంచీ ఆయనతో నలుగురిలో అలా మాట్లాడింది లేదు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన "నా సీటు ఇవాళే కావాలి బాబూ" అన్నాడు మెల్లిగా. మా ఆయన జేబులోంచి తాళం తీసి కౌంటర్ మీద పెట్టాడు. వదిన దాన్ని తీసుకుని, ఏమీ జరగనట్టు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది.

మెకానిక్ చేత లివర్ సరిచేయించి, మర్నాటి నుంచి మళ్ళీ అదే ఖాళీ రోడ్డు. ఇప్పుడు బండెక్కితే ఆవిడకు ఒక్క ఎడమకాలి మునివేళ్ళే నేలకు అందుతున్నాయి, అదీ బండిని కాస్త వంచితే. కాళ్ళతో ఆపుదామన్నా కుదరదు. బ్రేకు నొక్కి, బండిని నిలిపి, అప్పుడు ఒక కాలు దించాలి. ఆవిడ నడపడం మానేసింది. ఆపడం నేర్చుకుంది. కొలతలు గీసుకునే సుద్దముక్కతో రోడ్డుకు అడ్డంగా గీతలు గీసి, ఒక గీత దగ్గర బయల్దేరి తర్వాతి గీత మీద ఆగాలని పట్టు పట్టింది. ముందుచక్రం గీత దాటిందా, వెనక్కి నెట్టుకుంటూ వచ్చి మళ్ళీ మొదలు. రెక్సిన్ మీద గీసిన గీతను కత్తెర దాటకూడదు, అంతేగా అనేది. కొన్నిసార్లు బండి పక్కకు ఒరిగేది. తనూ ఒరిగేది. లేచి, తిట్టి, మళ్ళీ ఎక్కేది. అక్కడ నవ్వేవాళ్ళు ఎవరూ లేరు, సలహా ఇచ్చేవాళ్ళు అసలే లేరు. ఆ రోడ్డు ఎటూ పోకపోవడం మా అదృష్టం.

పోనుపోను గీతలు దగ్గరయ్యాయి, ఆగడం మెత్తబడింది. పల్లం దగ్గరకు కూడా వెళ్ళింది. మట్టిగుట్టకు చాలా ముందే నిలబడి, నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

ఒకటో తారీఖు వచ్చింది. మా ఆయన హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "నేను వెనక కూర్చుంటానక్కా. ఏదైనా అయితే నేనుంటాను."

"నీకు నడుము నొప్పి కదరా, వద్దు" అంది వదిన. ఆ హెల్మెట్ తీసుకుని నాకు ఇచ్చింది. కవర్ల మూట మా ఇద్దరి మధ్య పెట్టుకుని బయల్దేరాం. మా ఆయన వీధి మొదటిదాకా మా వెంట నడిచాడు. అబద్ధమెందుకు, ఆయన్ని చూస్తే జాలేసింది.

పెద్ద కూడలిలో ఎర్రలైటు పడింది. వదిన గీత మీద ఆగింది. పచ్చలైటు పడి బండి కదపబోతే ఇంజను ఆగిపోయింది. వెనక కార్లు, లారీలు ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. పక్కనున్న కారతను అద్దం దించి, "రాకపోతే ఎందుకమ్మా రోడ్డెక్కడం? దిగి పక్కకు నెట్టుకో!" అని అరిచాడు.

వదిన తల తిప్పి అతన్ని చూసింది. "వచ్చు కాబట్టే ఎక్కాను. నెట్టుకోను. నీకు తొందరైతే పైనుంచి ఎగిరి పో" అంది. తర్వాత, ఆ చప్పుడంతా ఎవరిదో అన్నట్టు, గేరు న్యూట్రల్‌కు తెచ్చుకుంది. స్టార్ట్ చేసింది. క్లచ్ నెమ్మదిగా వదిలింది. ఒక్క క్షణం కూడా తొందరపడలేదు. వెనక ఉన్న ఊరంతా ఆవిడ కోసం ఆగింది. నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

గోదాములో మధ్యాహ్నం దాకా పని చేశాం. అంతా అయ్యాక మేనేజరు కొత్త సీట్లను నొక్కి చూసి, తల ఊపి, "బాగుంది. వచ్చే వారం కూడా మీ ఇద్దరూ వస్తారా, లేక షాపు ఆయన వస్తారా?" అని అడిగాడు.

"ఈ పనికి షాపు ఆయన ఉండడు. ఇది నా పని" అంది వదిన. "వచ్చే వారం ఈ అమ్మాయి కూడా రాదు. నేనొక్కదాన్నే వస్తాను."

సంతోషం వేసింది. మనసు చివుక్కుమనడం కూడా నిజం. దిమ్మె మీద కూర్చుని చప్పట్లు కొట్టినదాన్ని, మొగుడితో పేచీ పడినదాన్ని, నేనిక అక్కర్లేదా? తిరుగు దారిలో మూట గుడ్డ ఒళ్ళో పెట్టుకుని మడతలు పెడుతూ కూర్చున్నాను. కాలనీ దగ్గరకు వచ్చాక, బైపాస్ మలుపులో వదిన భుజం తట్టాను.

"ఇటు పోనివ్వు."

"ఎందుకే?"

"పోనివ్వు వదినా."

దిమ్మెల మధ్య సందులోంచి దూరి, ఆ వెడల్పు ఖాళీ రోడ్డు మీద ఆపింది. నేను దిగాను. "నువ్వూ దిగు" అన్నాను.

వదిన దిగింది. నన్నూ, బండినీ మార్చి మార్చి చూసింది. ఎప్పుడూ నా కన్నా పొట్టిగా కనిపించే మనిషి, ఆ పూట ఎందుకో అలా కనబడలేదు.

"వాడేమంటాడో ఆలోచించావా?" అంది.

"అననివ్వు" అని హ్యాండిల్ పట్టుకున్నాను.