బుచ్చిరాములు చెప్పే పాఠం

"...గట్ల నేల చూసుకుంట చెప్తే ఎవడింటడు? కండ్లల్లకు చూసి చెప్పు!"

"చెప్పిన గదనే అన్నా! నువ్వే నిజం మేస్త్రీ లెక్క మీద పడ్తున్నవ్," అన్నాడు కమలాకర్.

మాస్కు చాటున బుచ్చిరాములు నవ్వాడు. వీళ్లకు ఎదురుచెప్పటం అలవాటు కావాలనే తను మేస్త్రీలా నటిస్తున్నాడు. పర్వత్ పాటియా అనే మగ్గాల పేటలోని ఆ డాబా మీద ప్రతి ఆదివారం పొద్దున ఎడమెడంగా కూర్చునే నలుగురూ మాజీ సిపాయిలే. మనసు జబ్బుకు మందులు మింగుతూ మగ్గాల కార్ఖానాల్లో పనిచేస్తున్నారు. నలుగురితో మాట్లాడటం, అవసరమైతే వద్దనటం వాళ్లకు నేర్పే బుచ్చిరాములు కూడా అదే జబ్బుతో ఫౌజు వదిలినవాడే. మందులకు వేళ్లు వణుకుతాయి. ఆయన వాటిని దాచుకోడు. అయితే తన మేస్త్రీకి మాత్రం ఏనాడూ ఎదురుచెప్పలేదు.

ఫోను మోగింది. మేస్త్రీ ఓంప్రకాష్. బుచ్చిరాములు ఫౌజులోలా మడమలు చేర్చి నిటారుగా నిలబడ్డాడు. లాక్‌డౌన్‌కు ఊళ్లకు పోయినవాళ్లు తిరిగి రాలేదు, రేపటి నుంచి రాత్రి షిఫ్టుకు రమ్మంటున్నాడు. నిద్ర చెడితే బుచ్చిరాములు చెవిలో గొంతులు మళ్లీ మొదలవుతాయి. "సరే సాబ్" నాలుక చివరిదాకా వచ్చింది.

"కూసో అన్నా. కూసోని చెప్పు," అన్నాడు కమలాకర్ మెల్లగా.

బుచ్చిరాములు కూర్చున్నాడు. ఆయన గొంతు పక్క డాబా దాకా వినిపించింది.

"రాత్రి షిఫ్టు నాతోని కాదు సాబ్. మందులేసుకుంటున్న, నాకు నిద్ర గావాలె. పగలైతేనే వస్త."