గొళ్ళేనికి చుట్టిన తుండుగుడ్డ

మా ఇల్లూ నూకయ్య ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల గోడలు ఎంత పలచనంటే, వాళ్ళింట్లో తిరగమోత వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం. అయినా ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పెరిగిన చప్పుడు నేను వినలేదు. బుద్ధిమంతులు కాబోలు అనుకునేదాన్ని.

నూకయ్య గూడ్సు బండి గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు మారింది గాని, బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చోవడం మారలేదు. ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కొడుకు శ్రీనివాస్ పదో తరగతితో చదువు మానేసి ఊళ్ళో మలంచా రోడ్డులో ఆటో నడపడం మొదలుపెట్టగానే చుట్టాలంతా ఒకటే పాట. తండ్రి ఇంటిపట్టున ఉంటే ఇలా అయ్యేదా అని. నూకయ్య ఎదురు చెప్పేవాడు కాదు. తల దించుకుని, డ్యూటీకి తీసుకెళ్ళే లైను పెట్టె సర్దుకునేవాడు.

ఆ మాట ఎక్కువగా గుచ్చుకున్నది కూతురు సత్యవాణికి. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏం చెప్పినా "ఎలా తెలుసు?" అని అడుగుతుంది. నేను వాళ్ళ బడిలో తెలుగు టీచర్ని. ఛందస్సు చెబుతున్నా అదే ప్రశ్న. చివరికి కలకత్తాలో చదువుల మీద, ప్రభుత్వ విధానాల మీద ఎం.ఏ.లో చేరింది. అందులో సగం లెక్కలే. బడి గురించి తెలుసుకోవడానికి లెక్కలెందుకే అని ఎగతాళి చేశాను. చుట్టాలు ఒక్క తమ్ముణ్ణి చూసి తీర్పు చెప్పేశారనీ, తను చాలా ఇళ్ళు చూసి ఆ తీర్పు నిలుస్తుందో లేదో తేలుస్తాననీ అంది.

అదే ఆమె పరిశోధన అయింది. వేళాపాళా లేని డ్యూటీ చేసే తండ్రుల పిల్లలు నిజంగా వెనకబడతారా? మా కాలనీ క్వార్టరు నంబర్లు చీటీలు వేసి తీసింది. చీటీలో వచ్చిన ఇంటికి వెళ్ళి, ఆ ఇంటి పిల్లలు ఏ మీడియంలో చదువుతుంటే ఆ భాషలో ఒక పేజీ పైకి చదివించాలి, అర్థమయిందో లేదో అడగాలి. ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్ళవచ్చు. సెలవుల్లో ఎండనపడి తిరిగింది. కంప్యూటర్లో లెక్క కట్టి చూస్తే, గార్డుల పిల్లలూ డ్రైవర్ల పిల్లలూ మిగతావాళ్ళతో సమానంగానే చదువుతున్నట్టు తేలింది. పరుగున ఇంటికొచ్చి, నీ డ్యూటీ తప్పేం లేదు నాన్నా అని చెప్పింది. నూకయ్య మొహం అంత తేటపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తేట ఎంతోకాలం నిలవలేదు. ఆమెకు పాఠం చెప్పే రాధారాణి దీదీ కాగితాలు చూసి ఒకే ఒక్క మాట అడిగిందట. అది రైల్వే కాలనీ కదా, బళ్ళు నడిపేవాళ్ళ ఇళ్ళు ఇంత తక్కువగా ఉన్నాయేం అని. తిరుగు బండిలో సత్యవాణికి, తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్న తలుపులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

మా కాలనీలో ఒక పద్ధతుంది. బండి దిగొచ్చిన మనిషి పడుకుంటే, తలుపు గొళ్ళేనికి తుండుగుడ్డ చుడతారు, చప్పుడు కాకుండా. అది చూస్తే పాలవాడు గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్తాడు. గుడి చందాకు వచ్చినవాళ్ళు కూడా వెనక్కి తిరుగుతారు. బయటి మనిషి సర్వేకు వచ్చి ఉంటే దబదబా తలుపు బాదేవాడు. సత్యవాణి గార్డు కూతురు. తుండు కనిపించిన ఇంటిని తాళం వేసిన ఇంటికింద లెక్కేసి పక్కింటికి నడిచింది. అలా చేశానన్న ధ్యాసే లేదట. బళ్ళు నడిపేవాళ్ళలో, తుండు చుట్టే పట్టింపు అంతగా లేని ఇళ్ళే ఎక్కువగా ఆమె లెక్కలోకి వచ్చాయి.

మళ్ళీ తిరగాల్సి వచ్చింది. ఈసారి తోడుగా నేనూ వెళ్ళాను, తలుపు మీద వేలితో తట్టాను. తుండు చుట్టిన ఇళ్ళలో పిల్లలు పెదవులు కదిపారేగాని మాట పైకి రాలేదు. వాకిట్లోకి తీసుకొచ్చి చదవమన్నా తడబడ్డారు. చుట్టాల మాటే నెగ్గుతుందేమో, నూకయ్యకు ఏం చెప్పాలి అనుకున్నాను. కానీ చదివినదాని గురించి అడిగితే అదే పిల్లలు పూసగుచ్చినట్టు చెప్పారు. సత్యవాణి పెన్ను నోట్లో పెట్టుకుని నిలబడిపోయింది. తండ్రి ఇంట్లో లేకపోవడం కాదేమో, ఉన్నప్పుడు ఇల్లు నోరు మూసుకోవడమేమో అంది. వెంటనే, ఇది రుజువు కాదు టీచర్, అనుమానమే అని సర్దుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబుతుంటే నేనూ ఉన్నాను. శ్రీనివాస్ గోడకు ఆనుకుని విన్నాడు. క్లాసులో నిలబెట్టి చదవమంటే తనకు గొంతు పెగిలేది కాదనీ, అందరూ నవ్వేవారనీ, అందుకే మానేశాననీ మెల్లగా చెప్పాడు. తల్లి పోలమ్మ ఆయన నిద్ర కోసమే కదా పిల్లల్ని కసిరానని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నూకయ్య భార్య వైపు చూశాడు.

"పైవూళ్ళో రన్నింగు రూములో కిటికీ పక్కనించి గూడ్సులు పోతంటే పడుకునేవోణ్ణి నాను. మీ సదువు సప్పుడికి లెగిసిపోతానేటి?" అన్నాడు. తరవాత కూతురి వైపు తిరిగాడు. "ఊరందర్నీ అడిగినావు గదమ్మా, నన్నడిగినావేటి? నాను ఇంటికొస్తే ఎవుళ్ళూ మాటాడరు. నానంటే మీకు బయ్యమనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నాను."

సత్యవాణి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

మరుసటి వారం నూకయ్య టాటానగర్ నుంచి బండి దిగొచ్చాడు. నేను బడి నుంచి వస్తూ చూస్తే గొళ్ళెం బోసిగా ఉంది. లోపల సత్యవాణి తన పరిశోధన తిరగరాసి, గొంతెత్తి చదువుతోంది. శ్రీనివాస్ మధ్యలో ఆపి ఏదో అడుగుతున్నాడు. నాకు ఆ ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. గోడ అవతల నుంచి నూకయ్య గురక మాత్రం బాగా వినిపించింది.